టార్చి వెలుగులో అత్తమ్మ కాళ్ళు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ పాత సినిమా హాలు ఇప్పుడు లేదు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో అక్కడ ఆడవాళ్ళ వైపు గేటు దగ్గర టికెట్లు చింపి, టార్చి వేసి సీట్లు చూపించేదాన్ని. ఇంట్లో మాత్రం చీరల షాపులో పని అని చెప్పాను. చెప్పక ఏం చేయను? హాల్లో పని ఉందట అని ఒకసారి కదిపి చూస్తే, "చీకట్ల మొగోళ్ళ నడుమ ఆడదానికేం పనే?" అని మా అత్తమ్మ కొట్టిపారేసింది. తెలిస్తే మర్నాటి నుంచి మీర్‌పేట్‌లో ఇంటి గడప దాటనివ్వదు. నాకేమో ఆ పనంటే ప్రాణం.

మా పనిలో టార్చి ఎప్పుడూ కాళ్ళ మీదే వెయ్యాలి. మొహం మీద వేస్తే తిట్లు తప్పవు. ఒకరోజు మ్యాట్నీ మొదలయ్యాక ఎవరో పెద్దామె వచ్చింది. టార్చి వేశాను. ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు. నల్లగొండ వైపు ఊళ్ళో ఉన్నప్పుడు రాయి పడి పోయిన మా అత్తమ్మ గోరు అది. రోజూ ఆ కాళ్ళకు నూనె రాసేది నేనే. మోకాళ్ళ నొప్పులు, దవాఖానకు పోయొస్తానని పొద్దున చెప్పిన మనిషి!

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నోరు విప్పితే దొరికిపోతాను. టార్చితోనే దారి చూపించి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, వెళ్ళి గోడకు అతుక్కుపోయాను. ఇంటర్వెల్ లైట్లు వేసేలోగా ఏదో వంక పెట్టి బయటపడదామనుకున్నాను.

నా అదృష్టం ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు. బయట "జై తెలంగాణ" నినాదాలు వినిపించాయి. ఉద్యమం కుర్రాళ్ళు లోపలికి వచ్చి ఆట ఆపించారు. లైట్లన్నీ వెలిగాయి. మా మేనేజరు గారిది గుంటూరు వైపు. ఆయన కంగారుగా, "ఏవమ్మా, ముందు ఆడవాళ్ళని వెనక గేటు నుంచి పంపించెయ్యండి!" అన్నారు.

ఆ గేటు తాళం నా దగ్గరే ఉంది. పిలవక తప్పదు. "ఇటు రండి!" అని అరిచాను. అందరికన్నా ముందు తలెత్తింది మా అత్తమ్మే. నన్ను చూసింది, నా చేతిలో టార్చి చూసింది. నా కొంగు పట్టుకుని బయటికి నడిచింది.

బస్సులు లేవు. ఎల్బీ నగర్ వైపు నడక మొదలుపెట్టాం. మోకాళ్ళ మాట ఆమె ఎత్తలేదు, చీరల షాపు మాట నేనెత్తలేదు. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపు దిగమింగుకుంటున్నాను. చైతన్యపురి దాటాక ఆమె ఆగింది.

"గా సినిమా రోజూ చూస్తవ్ గదనే?"

"ఆఁ, అత్తమ్మా."

"మరి గా పిల్లకు తల్లి దొరుకుతదా, లేదా? జర చెప్పు."

పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎల్బీ నగర్ చేరేదాకా మిగతా కథంతా పాటలతో సహా చెప్పాను. తల్లి దొరికిన చోట ఆమె కళ్ళు తుడుచుకుంది.

మా సందు మలుపులో నా చెయ్యి పట్టుకుంది.

"నేను దవాఖాన నుంచి ఒస్తున్న. నువ్వు చీరల షాపు నుంచి ఒస్తున్నవ్. ఎర్కేనా?"

తలూపాను.

"ఒచ్చే వారం గూడ మోకాళ్ళు నొస్తయ్. గా ఫ్యాను కింది సీటే ఇయ్యి."