కథల కొత్త

అప్పలనర్సమ్మ రాసిన పిల్లల పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమెకు యాభై దాటి చాలా ఏళ్లయింది. ఆ వయసుకి సాలూరులో ఆమె ఈడువాళ్లు మనవరాళ్లకి పెళ్లిళ్లు చేసేసి కాశీ ప్రయాణాల గురించి మాట్లాడుకుంటున్నారు. ఈవిడేమో అరకు లోయలో ఒక కొండదొరల ఊరి చివర, గడ్డికప్పు కొట్లో కూర్చుని తొండల గురించీ ఎలుగుబంట్ల గురించీ రాసుకుంటోంది. వినేవాళ్లకి విడ్డూరమే గానీ ఆమెను ఎరిగినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. నోరు మూసుకుని ఉప్పు కొలవడం ఆవిడకి ఏనాడూ చేతకాలేదు.

తండ్రి సాలూరులో వీధిబడి నడిపేవాడు. ఆడపిల్లని బడిలో కూర్చోబెట్టే రోజులు కావవి. తలుపు చాటున నిలబడి ఆమె అక్షరాలు పట్టేసింది. మొగుడు అడవిశాఖలో గార్డు. కాపురానికని కొండెక్కించి తీసుకొచ్చాడు, నాలుగేళ్లు తిరక్కుండానే మన్యం జ్వరానికి పోయాడు. పిల్లాజెల్లా లేరు. అన్నదమ్ములు బండి కట్టుకొచ్చి దిగిపోదాం రమ్మన్నారు. ఆమె కదల్లేదు.

ఎందుకు కదల్లేదని అడిగితే సోములమ్మ పేరే చెప్పేది. మొగుడు పోయిన మర్నాడు పొద్దున్నే ఆ ఊరి సోములమ్మ కుండెడు చోడంబలి, అదే రాగి అంబలి, పట్టుకుని వచ్చింది. ఓదార్పు మాటలేవీ లేవు. పక్కన చతికిలబడి తను ఓ గుక్క తాగింది, కుండ ఇటు జరిపింది. మళ్లీ తను తాగింది, మళ్లీ జరిపింది. కుండ ఖాళీ అయ్యేసరికి ఒకరికొకరు అప్పాచెల్లెళ్లు అయిపోయారు. కొయ్యూరు వైపు తెల్లదొరల మీద పితూరీ నడిచిన రోజుల్లో అన్నదమ్ములు భయపడి మళ్లీ కబురు పెడితే, "నాకిక్కడ మా అప్ప ఉంది" అని చెప్పి పంపింది.

కొట్లో ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, పూసలు ఉండేవి. ఉప్పుకి వచ్చిన పిల్లలు కథకి ఆగిపోయేవారు. చింతచెట్టుతో పందెం కాసిన తొండ, తేనెపట్టుకి కాపలా కూర్చున్న ఎలుగుబంటి, ఇలాంటివి. కొన్ని సాలూరులో వాళ్లమ్మ చెప్పినవి, కొన్ని సోములమ్మ చెప్పినవి, మిగతావి చెబుతూ ఉండగా నోటికి వచ్చినవి. తల్లులు వచ్చి పోట్లాడేవారు.

"ఏటమ్మా, గుంటల్ని ఉప్పుకి పంపితే పొద్దుగూకినా రారు? రాత్రి సప్పిడి కూరే తిన్నాం!" అని చిట్టెమ్మ అనే ఆవిడ ఓసారి కొట్టు ముందు చేతులు తిప్పింది. తిప్పి, కథ సగంలో ఉండడంతో తనూ కూర్చుంది.

అరకు సంతకి పిప్పళ్లు కొనడానికి వచ్చిన వరహాలరావు కూడా అలాగే కూర్చున్నాడు. ఆయనకి సాలూరులో చిన్న అచ్చుకూటం ఉంది. పెళ్లి శుభలేఖలూ, బడి వాచకాలూ అచ్చేస్తాడు. తొండ కథ అయ్యాక లేచి, "ఇవి రాసివ్వండమ్మా, పుస్తకం వేస్తాను" అన్నాడు. అప్పలనర్సమ్మ వేళాకోళమనుకుంది. మరుసటి సంతకి ఆయన కాగితాలూ సిరాబుడ్డీ తెచ్చి అరుగు మీద పెట్టాక గానీ నిజమని నమ్మలేదు.

చెప్పినంత తేలిక కాలేదు రాయడం. కలం పట్టుకుంటే మాట కదలదు. ఎదురుగా ఊ కొట్టేవాళ్లు ఉంటే ఆమె కథ వానాకాలపు గెడ్డలా పరుగెత్తేది, కాగితమేమో మూగగా చూస్తూ కూర్చునేది. చివరికి సోములమ్మే ఆ అవస్థ కనిపెట్టింది.

"నువ్ సెప్పుకుంటా రాయి సెల్లీ. నాను ఊ కొడతాను."

ఆ ఎండాకాలమంతా అరుగు మీద ఒకావిడ చెప్పుకుంటూ రాసింది, ఇంకొకావిడ చింతపండు పిక్క తీస్తూ ఊ కొట్టింది. కథ బాగులేని చోట సోములమ్మ ఊ అనడం మానేసేది. అప్పలనర్సమ్మ తిట్టుకుంటూ ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాసేది.

కాగితాలు అందుకున్న వరహాలరావు, కథల చివర నీతి లేదు, ఒక్కొక్క వాక్యం చేర్చండని కబురంపాడు. "ఆ తరవాతేటైందని అడిగారు గానీ నీతేటని నన్నొక్క గుంటడూ అడగలేదు" అని ఈవిడ తిరుగు కబురంపింది. ఆయన నవ్వుకుని ఉన్నది ఉన్నట్టు అచ్చుకి ఇచ్చేశాడు. ఆ మంచితనానికి ఆమె బతికినన్నాళ్లూ ఆయనకి దణ్ణం పెట్టుకుంది.

సోములమ్మకి మాత్రం ఒక బెంగ పట్టుకుంది. "కిందకి దిగిన మనుషులే మారిపోయొస్తన్నారు. మన కథలు మారిపోకుండా వత్తాయా?" అని కాగితాలు వెళ్లిన రోజునుంచీ అడుగుతూనే ఉంది. అప్పలనర్సమ్మ ఎన్ని విధాల చెప్పినా ఆ అనుమానం పోలేదు. "వచ్చాక నువ్వే విను అప్పా, విని నువ్వే చెప్పు" అని మాటిచ్చింది. లోకం మెచ్చినా మెచ్చకపోయినా, ఈ ముసలమ్మ విని అవునంటే చాలనుకుంది.

భాద్రపదం వానల్లో, ఉప్పు మోసే ఎడ్ల మీద పుస్తకాల కట్ట వచ్చింది. ఊరంతా కొట్టు ముందు మూగింది. అప్పలనర్సమ్మ కత్తితో తాడు కొయ్యబోతుంటే ఊరిపెద్ద గాసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. ఇది మన ఊళ్లో పుట్టినదేనా?"

"మరెక్కడ పుట్టింది? ఈ ఊళ్లోనే, ఈ అరుగు మీదే పుట్టింది!" అంది ఆమె గర్వంగా.

"ఐతే ఇది కొత్త. కొత్త సెయ్యకుండా ముట్టరాదు."

సాలూరు సరుకని ఒక్క మాట అనేసి ఉంటే ఏ గొడవా ఉండకపోను. కొండల్లో ఏ కొత్త పంటైనా ముందు జాకర దేవతకి పెట్టాలి, తర్వాత ఊళ్లో అందరికంటే పెద్దవయసు మనిషి తినాలి, ఆపైనే మిగతావాళ్లు. దాన్నే కొత్త అంటారు. అది జరిగేదాకా మామిడికాయలు కళ్లెదుట ఊగుతున్నా ఒక్క పిల్లాడు రాయి విసరడు. గాసి కట్టని భద్రంగా తీసుకెళ్లి తన ఇంటి అటక మీద పెట్టించాడు. సామ పంట కోతకి వచ్చాక, ఆ కొత్తతో పాటు దీనికీ చేద్దామన్నాడు. అప్పలనర్సమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే, తన రాతని వీళ్లు పంటలో కలిపేశారే అని కడుపు నిండిపోయింది. తన పుస్తకం తను చూసుకోలేదన్న మాటే గానీ!

సామ ఇంకా పచ్చిగా ఉండగానే సోములమ్మకి జ్వరం తగిలింది. ఊళ్లో అందరికంటే పెద్దది ఆమే. వారం తిరిగేసరికి మంచానికి అతుక్కుపోయింది. గంజి కూడా పక్కకి తోసేస్తోంది.

"అప్పా, ఒక్క పుస్తకం తెచ్చి నీకు మెల్లిగా చదివేస్తాను. ఎవరికీ తెలీదు" అని చెవిలో చెప్పింది అప్పలనర్సమ్మ.

"దేవతకి తెలీదేటి?" అంది సోములమ్మ కళ్లు తెరవకుండానే. "నా సెవి తీపి కోసం ఊరి పంట పాడు సేత్తావా? ఈ గుంటలేటి తింటారు?"

ఆమె విననంటోంది, సామ పండనంటోంది. వినకుండా సోములమ్మ వెళ్లిపోతే ఆ పుస్తకం అచ్చయి ఏం లాభమని అప్పలనర్సమ్మకి ఏడుపొచ్చింది. చెంగు నెత్తిన కప్పుకుని, మంచి రోజులు చూసే దిసారి బుధు ఇంటికి వానలోనే వెళ్లింది. గుమ్మంలో నిలబడి ఉన్నదంతా చెప్పి, "బాబూ, సామ పండేదాకా మా అప్ప ఉంటుందా?" అంది.

బుధు నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"సామ కోసం దీన్నెందుకాపడం? మామిడికి మామిడి కొత్త. సిక్కుడుకి సిక్కుడు కొత్త. ఏ పంట కొత్త ఆ పంటకే కదా సేత్తాం? దీన్ని సామలో కలిపినోడు గాసి, దేవత కాదు. ఇది పండి ఇంటికొచ్చేసినాది. రేపే సేద్దాం."

అప్పలనర్సమ్మ ఆ బురదలోనే అతని కాళ్లకి మొక్కబోతే అతను కంగారుపడి లోపలికి పారిపోయాడు.

మర్నాడు గాసి అటక మీది కట్టని దింపించి తెచ్చాడు. గెడ్డ ఒడ్డున దేవత రాయి ముందు బుధు కోడిని కోసి, ఒక పుస్తకాన్ని అడ్డాకులో చుట్టి పెట్టాడు. సోములమ్మని మంచంతో సహా మోసుకొచ్చారు. పెద్దామె తినకుండా ఇంకెవరూ తినకూడదు. ఈ పంటేమో చెవితో తినేది, మాట వినబడిందంటే తిన్నట్టే. అంచేత పిల్లా పెద్దా అందరూ గెడ్డ దాటి, మాట వినబడనంత దూరం వెళ్లి, తుప్పరలో తడుస్తూ నిలబడ్డారు.

అప్పలనర్సమ్మ తన పుస్తకాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకుంది. పసుపుపచ్చ అట్ట, సిరా వాసన. తొండ కథ చదవడం మొదలుపెట్టింది. సోములమ్మ కళ్లు మూసుకుని ఉంది. కొత్త ముద్ద నోట్లో ఉండగా మాట్లాడకూడదు, అంచేత ఈసారి ఊ కొట్టడం కూడా లేదు. కథ అయిపోయినా పలుకు లేదు. అప్పలనర్సమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"బతికే ఉన్నానే," అంది సోములమ్మ. "ఇంకోటి సదువు. ఒక్క ముద్దకి రుచేటి తెలుత్తాది?"

ఎలుగుబంటి కథ చదివింది. అవతలి నుంచి గాసి, "అయిందా?" అని కేకేశాడు. సోములమ్మ ఆగమని చెయ్యెత్తింది. ఆఖరి వాక్యందాకా విని, కళ్లు తెరిచి చెల్లెలి మొహంలోకి చూసింది.

"మారలేదే సెల్లీ. అది మన ఎలుగే."

అప్పలనర్సమ్మకి కళ్ల ముందు అక్షరాలు చెదిరిపోయాయి. తనకెవరూ లేరని అన్నదమ్ములు దిగి రమ్మన్న ఈ కొండ మీద, ఇంతమంది తన రెండు కథల కోసం వానలో నిలబడ్డారే అని వెక్కి వెక్కి ఏడ్చింది. సోములమ్మ మోచేతి మీద కాస్త లేచి, ఇన్నాళ్లూ లేని గొంతుతో గెడ్డ అవతలికి కేకేసింది.

"రండర్రా! బేగి రండి! బాగా పండినాది, తినండి!"

పిల్లలు నీళ్లు చిమ్ముకుంటూ గెడ్డ దాటి వచ్చిపడ్డారు. సోములమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుని వాళ్లకి చోటిచ్చింది.