రెండు చేతుల మందు

రెడ్డిగూడెం మామిడి తోటల్లో సవరమ్మ నోటికి జడవని వ్యాపారి లేడు. ఇరవై మంది ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. మగవాళ్లు చెట్టెక్కి వలలాంటి చిక్కంతో కాయ దింపితే, వీళ్లు కింద కూర్చుని తొడిమలు తుంచి గంపలకెత్తుతారు. తుంచినప్పుడు చిమ్మే సొన తగిలితే చాలు, చర్మం కాలి పొక్కుతుంది. ఏటా మొదటి పొక్కు లేవగానే సవరమ్మ హనుమాన్ జంక్షన్ వైపు తిరిగి ప్రమీలా ల్యాబ్స్ వాళ్లను దుమ్మెత్తిపోసేది. మా చేతుల మీద మందు రాయించి చూసుకుని, కూలీల రోగమే కదా అని గాలికి వదిలేశారని ఆమె కోపం.

ఆ కంపెనీని లక్ష్మీనరసింహారావు, ఆయన భార్య ప్రమీలారాణి ముప్పై ఏళ్ల కిందట జంక్షన్‌లో రెండు గదుల్లో మొదలుపెట్టారు. మందు కలిపేది ఆవిడ, ఊళ్లు తిరిగి అమ్మేది ఆయన. ఎండకు సొమ్మసిల్లిన కూలీలు నారింజ రుచి ఓఆర్ఎస్ నోట్లో పోస్తే ఉమ్మేస్తున్నారని, ఆవిడ దానికి పచ్చిమామిడి పులుపు పట్టించింది. అది ఊరూరా పాకింది. తర్వాత పిల్లల నులిపురుగుల మందును ఒక్క గుక్కలో అయిపోయేలా బుల్లి కప్పుల్లో పోసిచ్చారు. మూడోది సొన మందు. ఆవిడ అయిదేళ్లు కూర్చుంది దాని మీదే.

పోయిన వేసవిలో, ముప్పై ఏళ్ల పుస్తకం వేస్తున్నామంటూ వాళ్ల మనవరాలు హరిచందన తోటకొచ్చింది. సవరమ్మ తిట్లన్నీ ఓపిగ్గా విని, తాతగారు రాసిన పేజీ ఒకటి చదివి వినిపించింది. సొన మందుకూ, ఏ మందూ కలపని ఉత్త క్రీముకూ తేడా కనబడలేదనీ, అందుకే ఆపేశామనీ అందులో ఉంది. తేడా ఎందుకు కనబడలేదో సవరమ్మకు తెలుసు.

అప్పటికి పదేళ్ల కిందట కంపెనీ తరఫున ఒక డాక్టరు వచ్చి ఒక్కొక్కరికి రెండు ట్యూబులిచ్చాడు. ఎర్రమూతది ఎడమ చేతికి, నీలం మూతది కుడి చేతికి. ఏది మందో తనకూ తెలియదన్నాడు. పదిహేను రోజులు రాయించి రిజిస్టరులో టిక్కులు పెట్టే పని ఐదో తరగతి చదివిన సవరమ్మకు అప్పగించాడు. నాలుగో రోజుకే అందరికీ అర్థమైపోయింది. ఎడమ చేతులు మానుతున్నాయి, కుడి చేతులు మండుతున్నాయి. ముఠాలో అందరికంటే చురుకైన నాగేంద్రమ్మ కుడి చెయ్యి చాపి అడిగింది.

"ఈ చెయ్యేం పాపం చేసిందే సవరమ్మా?"

ఆ ముఠాలో మధ్యాహ్నం ఎవరి కూరా వాళ్లది కాదు. ప్రతి గిన్నే చుట్టూ తిరిగి ఖాళీ అయి వెనక్కి రావాల్సిందే. ఒకరికుండి ఒకరికి లేకపోవడం వాళ్లకు చేతకాని పని, ఇక సొంత ఒంటిలోనే ఒక చేతికుండి ఒక చేతికి లేకపోతే ఎలా ఊరుకుంటారు? సవరమ్మ ఎర్రమూతది రెండు చేతులకూ పలచగా రాయించింది. నీలం ట్యూబులు నిండుగా కనబడితే బాగుండదని చెట్టు మొదట్లో పిండించేసింది. రిజిస్టరులో మాత్రం డాక్టరు చెప్పినట్టే టిక్కులు పెట్టింది. ఆయన వచ్చి చూస్తే రెండు చేతులూ ఒక్కలాగే మాని ఉన్నాయి. ఎంత తెలివైన పని చేశామో అని ఆ రోజు అందరూ పడీపడీ నవ్వారు.

మరో అయిదేళ్లకు, రాద్దామంటే ఆ మందే లేక, నాగేంద్రమ్మ మణికట్టు మీద సొన పుండు చీము పట్టింది. మానింది గానీ రెండు వేళ్లు వంగవు. తొడిమ తుంచలేక ముఠా మానేసి మేకల్ని కాచుకుంటోంది. తనకు రెండు చేతులకూ మందు రాసిన సవరమ్మ మంచితనం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

పేజీ విన్నాక సవరమ్మ మూడు రోజులు ఆగింది. చెబితే ముఠా పరువు పోతుందని ఒక భయం, తన మేస్త్రితనం పోతుందని అంతకంటే పెద్ద భయం. పదేళ్లు వాళ్లను తిట్టిన నోటితో ఏం చెప్పాలని సిగ్గు. నాలుగో రోజు జంక్షన్ బస్సెక్కింది.

లక్ష్మీనరసింహారావు కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది.

"అంటే, మందు పనిచేసిందా?" అని అడిగాడాయన.

"చేసిందండీ. చెయ్యబట్టే రెండో చేతిక్కూడా రాసుకున్నాం."

"మళ్లీ ఒకసారి చూద్దామని మా ఆవిడ బతిమాలిందమ్మా. నువ్వు చేసింది ఉత్త క్రీమేనని ఆవిడతో అనేశాను" అన్నాడు. ఆ తర్వాత ఆవిడ మందు కలిపే గది గడప తొక్కలేదట. చనిపోయి రెండేళ్లయిందట. ఆయన సవరమ్మను ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనుకుంటూ ఆమె ఇంటికొచ్చింది.

ఏడాది తిరిగేసరికి అనుమతులన్నీ తెచ్చుకుని మళ్లీ పరీక్ష పెట్టారు. ఆడవాళ్లు సవరమ్మ మాటైతేనే వింటారని రిజిస్టరు ఆమెకే ఇచ్చారు. ఈసారి తెల్లమూత, నల్లమూత. అయిదో రోజుకు మళ్లీ ఒక చెయ్యి మానుతోంది, ఒకటి మండుతోంది. ఈసారి చెయ్యి చాపింది ప్రసన్న, తల్లి నాగేంద్రమ్మ బదులు ముఠాలోకి వచ్చిన పిల్ల. మణికట్టు నుంచి మోచేతి దాకా పొక్కులే. భరించలేనివాళ్లు పరీక్ష మానుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ పిల్లకు మానుకోవాలని లేదు, తెల్లమూతది రెండు చేతులకూ కావాలి.

"మా అమ్మకి రాశావంట కదా పెద్దమ్మా. నాకు రాయవా?"

"రాశానే" అంది సవరమ్మ. నల్లమూత తీసి ఆ పొక్కుల మీద తనే రాసింది.

మధ్యాహ్నం ప్రసన్న తెచ్చిన గోంగూర చుట్టూ తిరిగింది. సవరమ్మ దాకా రాగానే ఆ పిల్ల లేచి, గిన్నె అందుకుని పక్కావిడ ముందు పెట్టింది. సవరమ్మ ఉత్త మజ్జిగన్నం తిని, చెయ్యి కడుక్కుని, ప్రసన్న పేరు పక్కన రెండు టిక్కులు పెట్టింది.

సాయంత్రం పని దిగగానే నాగేంద్రమ్మ ఇంటి వైపు నడిచింది. జంక్షన్ దాకా వెళ్లి చెప్పడానికి మూడు రోజులు ఆగిన మనిషికి, వెనక వీధిలోని ఈ ఇంటికి వచ్చి అదే మాట చెబుదామనుకోవడానికి ఏడాది పట్టింది. ఎందుకొచ్చిందో తెలియని నాగేంద్రమ్మ మేకలను వదిలేసి ఎదురొచ్చింది. వేళ్లు వంగని ఆ చేత్తోనే సవరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి రమ్మంది.