దాచుకునే నూనె కాదది

మా అమ్మాయి పోయింది. పోయిన నెల, అమెరికాలో, నోవైలో తనుండే ఇంటి ముందు మంచు ఇంకా కరగకముందే. "పాపం, పెళ్లీ పెటాకులూ లేకుండానే పోయింది" అని ఫోన్లో అన్నవాళ్లందరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను. నా కూతుర్ని పాపం అనకండి. దానికి తినడం తెలుసు, నవ్వడం తెలుసు, మంచి నూనె ఏదో నోట్లో వేసుకుని చెప్పడం తెలుసు.

కార్ల కంపెనీలో ఉద్యోగం. శనివారం వస్తే పక్క ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇటలీ వాళ్ల కొట్టుకి వెళ్లాల్సిందే. నేను మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు దాని వంటింట్లో ఆలివ్ నూనె సీసా చూసి గుండె జల్లుమంది. మా తెనాలిలో ఆ నూనె మందుల షాపులో దొరికేది, పసిపిల్లలకి ఒళ్లు రుద్దడానికి.

"ఏమే, నాకు చెప్పకుండా ఏం చేశావే? ఎన్నో నెల?" అన్నాను.

అది నేల మీద కూలబడి నవ్వింది. "నెలా లేదు, నీ మొహమూ లేదు. అన్నంలోకమ్మా!"

ఆ శనివారం నన్నూ కొట్టుకి తీసుకెళ్లింది. కొట్టాయన చిన్న గ్లాసులో పచ్చటి నూనె కొంచెం పోసిచ్చాడు. "అరచేత్తో మూసి వెచ్చబడనియ్యి. వాసన చూడు. ఇప్పుడు వేడి చారు జుర్రినట్టు జుర్రు" అంది మా అమ్మాయి. పదిమందిలో జుర్రడమా! అయినా జుర్రాను. ముందు అప్పుడే కోసిన గడ్డి వాసన, తర్వాత కాకరకాయ చేదు, మింగాక గొంతులో మిరియాల ఘాటు. దగ్గు ఆగలేదు. పరువు పోయిందనుకుంటే, కొట్టాయన సంబరంగా చప్పట్లు కొట్టాడు.

"దగ్గొచ్చిందంటే మంచి నూనె అని. చేదూ ఘాటూ లేకపోతే అది ఉత్త జిడ్డే" అంది.

అప్పట్నుంచీ మా ఇంట్లో కందిపొడి అన్నంలోకి నెయ్యి మానేసి అదే. గారెలు వేయించబోతే మాత్రం సీసా లాక్కునేది.

ఒకసారి అది తెచ్చిన మంచి సీసాని, ఎవరైనా గొప్పవాళ్లు భోజనానికొస్తే తీద్దామని దాని వంటింట్లోనే పొయ్యి పైన అలమరలో, దానికి కనపడకుండా వెనక్కి దాచాను. మనకి అలవాటే కదా, మంచి దుప్పటి చుట్టాలకి, మంచి గ్లాసులు చుట్టాలకి. మరుసటేడు మళ్లీ అమెరికా వచ్చి తీస్తే పాతబడిన వేరుశనగపప్పు కంపు.

"ఇది ఆవకాయ కాదమ్మా, ఊరేకొద్దీ బాగుండటానికి. కాయ పిండిన రసం. పొయ్యి సెగ పడదు, ఎండ పడదు, దాస్తే చచ్చిపోతుంది. అయినా ఎవరో రావాలా? మనం మనుషులం కామా?"

జబ్బు చేశాక కూడా ఆ మాట మార్చలేదు. మందులకి నోరంతా పాడైనా, కొత్త పంట నూనె వచ్చిందని తెలిసి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే డ్రైవ్ చేసింది. సీసా వెనక కాయ కోసిన నెల చూసి మరీ కొంది. మూత తీయకముందే ఆసుపత్రికి వెళ్లింది. మళ్లీ ఇంటికి రాలేదు.

పెద్దకర్మ రోజు దాని విస్తట్లో వేడన్నం, కందిపొడి పెట్టి, ఆ సీసా అందుకున్నాను. మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, తెరవకు. పిల్ల ఆఖరిసారి కొన్నది. ఫోటో దగ్గర పెట్టుకో, గుర్తుగా ఉంటుంది. విస్తట్లోకి నెయ్యి వెయ్యి, అదీ పద్ధతి."

"కంపుకొట్టే గుర్తు నాకొద్దు" అన్నాను. మూత తిప్పాను.

దాని అన్నం మీద ధారగా పోశాను. అందరి విస్తళ్లలోనూ పోశాను, వద్దన్నవాళ్లకి కూడా. చివర్న గ్లాసులో కాస్త పోసుకుని, అరచేత్తో మూసి, వెచ్చబడ్డాక అందరి ముందే జుర్రాను. గొంతు మండింది. ఒకటే దగ్గు. కళ్లలోంచి నీళ్లు.

"ఊరుకో వదినా, ఏడవకు" అంటూ మా ఆడపడుచు వీపు నిమిరింది.

"ఏడవడం లేదమ్మా. నూనె మంచిది."

తను నా వీపు మీంచి చెయ్యి తీసి గ్లాసు చాచింది. పోశాను. ఇంకెవరో చాచారు. ఆ పూట మా అమ్మాయి ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు దగ్గుతూనే ఉన్నారు.