బావ పట్టిన క్యాచ్

ఈ ఉదయం అల్మారా సర్దుతుంటే పైఅరలోంచి పాప సాఫ్ట్‌బాల్ గ్లౌజు నా నెత్తిన పడింది. దులిపితే ఇంకా మైదానం ఇసుకే రాలింది. ఈ అరబ్బు దేశంలో, సల్వా పేటలోని ఈ ఇంట్లో నేను వంటమనిషిని, మా అక్క మొగుడు డ్రైవరు. పాప అంటే, ఇక్కడి పద్ధతిలో మేము మామా, అంటే అమ్మా, అని పిలిచే మా యజమానురాలి ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడు పిల్లల తల్లి అయినా మాకు పాపే. కాలేజీ చివరి ఏడాది ఆ పిల్లకు ఈ ఆట పిచ్చి పట్టింది. చలికాలమంతా మ్యాచ్‌లే. ఆడపిల్ల మట్టిలో దొర్లడమేమిటని మామా ఒక్కదానికీ రాలేదు. దాంతో చప్పట్లు కొట్టే బాధ్యత మా ఇద్దరి నెత్తిన పడింది. నేను డబ్బా నిండా చిత్రాన్నం కలిపి తీసుకెళ్తే, జట్టంతా మిరపకాయలు ఏరి పారేసి, ముక్కులు తుడుచుకుంటూ తినేది. బావకు ఆట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా పాప బ్యాటు పట్టుకుంటే చాలు, కారు వదిలేసి గీత దగ్గరికొచ్చి నిలబడేవాడు. ఆయన పద్ధతే అంత. చిన్నప్పటి నుంచీ పాపను బడికి దించినవాడు. ఆమె చేతిలోంచి ఫోను జారినా, పుస్తకం జారినా నేలకు తగలకముందే అందుకునేవాడు.

ఫైనల్ దగ్గరపడేసరికి పాపకు తిండి సహించలేదు. "కప్పు తెస్తేనే కాలేజీ అయ్యాక కూడా ఆడనిస్తానంది అమ్మ" అని వంటింట్లో నా భుజం మీద వాలి ఏడ్చింది.

ఆ రోజు ఒక్క పరుగు వెనకబడ్డాం. బ్యాటు పాపదే, ఆమె ఔటైతే ఆట అయిపోయినట్టే. గట్టిగా కొట్టింది. బంతి ముందుకు పోకుండా పక్కకు తిరిగి ఆకాశంలోకి లేచింది. ఎదుటి జట్టు పిల్ల చేతులు చాచి దానికోసం పరుగెత్తుకొచ్చింది. అంతలో మా బావ గీత దాటి ఉరికి, రెండు చేతులా బంతిని ఒడిసిపట్టాడు. పట్టి, మహా గర్వంగా అంపైరు చేతిలో పెట్టాడు. క్యాచ్ పట్టబోయే పిల్లకు బయటివాళ్లు అడ్డం వస్తే, కొట్టిన పిల్లే ఔటట! ఆట ఖలాస్.

"ఏం పని బావా ఇది?" అన్నాను నెత్తి కొట్టుకుంటూ.

"మన పాప కొట్టిన బంతి గదమ్మే, కింద పడనిస్తానా?" అన్నాడు. సంగతి తెలిశాక మాత్రం ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇంట్లో మామా ఏమైందని అడిగింది. పాప ఏడుస్తూనే మొదలుపెట్టింది గానీ, బావ ఉరికిన చోటికొచ్చేసరికి తనకే నవ్వు ఆగలేదు. లేచి, ఆయన ఎలా పట్టాడో హాల్లో చేసి చూపించింది. మామా సోఫాలో వాలిపోయి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత గుమ్మం దగ్గర తలొంచుకుని నిలబడ్డ బావను చూసి, "నా కూతురి కోసం నువ్వు అంతలా పరుగెత్తావా?" అంది. ఆ గొంతులో నవ్వు లేదు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని మోకాలి మట్టి తన చేత్తోనే తుడుస్తూ, "మళ్లీ ఆట ఎప్పుడు? నేనూ వస్తాను" అంది.

ఆ తర్వాతి చలికాలాలన్నీ మైదానం అంచున మామా పక్కన కూర్చుని చూశాను. అంత సంతోషంలో కాలం నడిచిందో, పరుగెత్తిందో గమనించనే లేదు.