"రా" అనాల్సిన చోట

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు భయం వెయ్యదు, ఒళ్ళు మండుతుంది. స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయినదాన్ని. మా ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటకో దయ్యం కథ ఉంది. చెప్పేవాళ్ళలో ఒక్కరూ సొంత కళ్ళతో చూసింది లేదు. అలాంటి నేను ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నాకే చిరాగ్గా ఉంది.

మా బావ పోయాక అక్క మళ్ళీ మనిషి కాలేదు. గుండెలో వాల్వు పాడైంది, ఆపరేషన్ చేసి మార్చకపోతే ప్రాణానికే ప్రమాదమని విజయవాడ డాక్టరు చెప్పాడు. ఈవిడ వింటేగా! "ఎందుకే చిట్టీ, మీ బావ దగ్గరికి పోతాగా" అంటుంది, హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా. బతిమాలాను, తిట్టాను, మాట్లాడ్డం మానేశాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

సరిగ్గా అప్పుడే తగిలారు మాస్టారు. నూజివీడుకి కొత్తగా వచ్చిన సంగీతం మాస్టారు, అక్కడి చర్చిలో పాటల బృందం ఆయనదే. మూడొందల ఏళ్ళ కిందట జర్మనీలో క్రిస్మస్ ఆరాధన కోసం రాసిన కాంటాటా ఒకదాన్ని తెలుగు చేసి పాడించాలని ఆయన పట్టుదల. కాంటాటా అంటే ఒక్క పాట కాదుట. అందరూ కలిసి పాడేవీ, ఒక్కరే పాడేవీ, కథ చెబుతున్నట్టు పాడేవీ వరసగా గుచ్చిన దండలాంటిది. చర్చి హాలుకి పైకప్పు బాగుచేస్తున్నారు. కాయల సీజన్ కాదు కాబట్టి మా అక్కావాళ్ళ మామిడి ప్యాకింగ్ షెడ్డు ఖాళీగా ఉంది. అడిగారు, అక్క సరేనంది.

అక్క చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. ఓ మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో నిలబడి విని, అక్కడే చతికిలబడి ఏడ్చింది. కొద్ది రోజుల్లో ఒక్కరే పాడే పాట ఆవిడ చేతికొచ్చింది. మేం హిందువులం, చర్చి పాటలు ముక్క రావు, గుండె బాగాలేదు. అయినా మనిషి లేచి తిరుగుతోంది కదాని సంతోషించాను, నిజమండీ.

ఆ పాటలో ఒక భక్తురాలి ఆత్మ, పశువుల తొట్టిలో పడుకున్న పసివాణ్ణి ఒక్కో ప్రశ్నే అడుగుతుంది. ప్రతి ప్రశ్నకీ కీబోర్డు ఆగుతుంది. చాటున నిలబడ్డ ఇంకో గొంతు ప్రతిధ్వనిలా ఒక్క మాటతో జవాబు చెబుతుంది. ఆ రోజుల్లో అదో ముచ్చటట. చివరి ప్రశ్న "నీ దగ్గరికి రానా?" జవాబు "రా". ఆ ప్రతిధ్వనిని నేనే. ప్లాస్టిక్ ట్రేల దొంతర వెనక నన్ను నిలబెట్టారు.

మొదటి రోజే పేచీ పెట్టాను. ప్రతిధ్వనిలో మనకి తిరిగి వినిపించేది మాట చివర, మొదలు కాదు. "రానా" అంటే "నా" అని రావాలి గానీ "రా" ఎలా వస్తుందండీ అన్నాను.

"భక్తిలో ఫిజిక్సేంటమ్మా!" అన్నారాయన.

పండగ దగ్గర పడ్డాక ఓ రోజు అన్నం తింటూ అక్క అంది, "నువ్వు 'రా' అన్నప్పుడల్లా మీ బావ పిలిచినట్టే ఉంటోందే" అని. అంటే ఇన్నాళ్ళూ నా నోటితోనే చావుకి పిలిపించుకుంటోందన్నమాట! పరిగెత్తుకెళ్ళి ఆ మాట మార్చమని మాస్టారి కాళ్ళావేళ్ళా పడ్డాను. మూలంలో ఉన్నది మార్చడానికి నేనెవర్ని అన్నారు. మొండితనంలో అక్కా, ఈయనా ఇద్దరికిద్దరే.

మర్నాడు మధ్యాహ్నం ప్రాక్టీసు. తోటలు పూతకొచ్చాయి, పూత రసం పీల్చే తేనెమంచు పురుగులు మొహం మీద ముసురుతున్నాయి. అక్క "నీ దగ్గరికి రానా?" అంది. కీబోర్డు ఆగింది. నేను నోరు తెరిచాను. ఏమనేదాన్నో నాకూ తెలీదు. ఈలోగా ఓ దరిద్రపు పురుగు గొంతులోకి పోయింది. దగ్గు కూడా రాలేదు, ఊపిరే అందలేదు.

అప్పుడు వినిపించింది, నా వెనక నుంచి.

"రామాకు!"

దగ్గి దగ్గి ఇవతలికి వచ్చేసరికి మాస్టారు నా మీద విరుచుకుపడ్డారు. "పవిత్రమైన పాటలో 'రామాకు' ఏంటమ్మా? 'రాకు' అన్నా కాస్త బాగుండేది! పైగా శ్రుతి లేదు. ఆ మగగొంతేంటి, జలుబు చేసిందా?"

నేను కాదు మొర్రో అంటే నమ్మినవాళ్ళు లేరు. అక్క మాత్రం ట్రే మీద కూలబడి నా వెనకవైపే చూస్తోంది.

మా బావ పూత మీద మందు కొట్టించే రోజుల్లో అక్క క్యారేజీ పట్టుకుని తోటకి వెళ్ళేది. ఆ మందు ఈవిడకి పడేది కాదు. దూరం నుంచే అరిచేవాడు, "రామాకు! మందు కొడుతున్నాం, ఇటు రామాకు!" అని. అదే విసుగు, అదే బొంగురు. శ్రుతంటారా, బావ కూనిరాగం తీస్తే కుక్కలు మొరిగేవి. మాస్టారు ఆయన్ని చూసింది లేదు, బావ పోయాకే ఈ ఊళ్ళకొచ్చారు.

షెడ్డు వెనకంతా తిరిగాను. మనిషి లేడు. పక్క తోట కౌలుదారు మనుషులు ఆ రోజు పనికే రాలేదు. మందు కొట్టే మిషన్ షెడ్డు మూలన పెట్రోలు లేకుండా పడి ఉంది. దారిన పోయేవాడెవడో అరిచాడనుకుందాం. ఎవర్ని చూసి అరిచాడు? సరిగ్గా ఆ ప్రశ్నకేనా?

సాయంత్రం అక్క వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. "బతికున్నన్నాళ్ళూ రామాకు, రామాకు! పోయాక కూడా అదే గోలా ఈ మనిషికి!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యవే" అంది.

పండగవగానే ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు నా కూరలకి వంకలు పెట్టేంత బాగుంది.

అది ఎవరి గొంతో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిసినట్టు నటించను కూడా. ఈ ఏడూ మళ్ళీ అదే కాంటాటా, చర్చి పైకప్పు పని ఇంకా తెమలక అదే షెడ్డు. అక్క "రానా?" అని, రాసినదానికన్నా కాస్త ఎక్కువసేపే ఆగుతుంది. నేనూ నోరు మూసుకుని వింటాను. ఏమీ వినిపించదు. మాస్టారు నా వైపు చూసి, ఇక అనమన్నట్టు తల ఊపుతారు.

నేను దగ్గుతాను. రోజూ అక్కడే దగ్గుతానని ఆయన రోజూ తిడతారు. తిట్టనీండి. ఆ "రా" మాత్రం నా నోటితో అనను.