మెరుపమ్మ ముక్కు

రాకెట్ల షెడ్డులో పనిచేసే పెద్దావిడ వార్నిష్ వాసనకు మరిగిందట. వెనక గదిలో తలుపేసుకుని, ఒక్కో రాకెట్టునూ ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని పీలుస్తుందట. పీల్చి పీల్చి మత్తెక్కి, ఆ మత్తులోనే నలభై రాకెట్లను నాశనం చేసిందట. ఈ కథ షెడ్డు కుళాయి దగ్గర పుట్టి, టీ కొట్టు దాకా పాకి, బస్టాపు చేరేసరికి లేచి పరుగెత్తింది. బస్టాపులోనైతే ఆవిడ రోజూ ఒక సీసాడు ఇంటికి కూడా పట్టుకుపోతోందని చెప్పుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదంటూ తలలూపారు. పొగ పెట్టేవాళ్ళూ ఉంటారని ఒక్కరికీ తోచలేదు.

ఆవిడ కోడలూ అదే షెడ్డులో పనిచేసేది. రాకెట్టు రెక్కలను ఉప్పు కాగితంతో రుద్ది నున్నగా చేయడం, రంగు వేశాక స్టిక్కర్లు అంటించడం ఆమె పని. చేరి మూడేళ్ళయినా ఆమె గొంతు ఎలా ఉంటుందో షెడ్డులో సగం మందికి తెలియదు. తల దించుకుని పని, తల దించుకుని ఇల్లు. ఆ మాట చెవిన పడిన రోజు మాత్రం చేతిలోని మంచినీళ్ళ సీసా నిండి, పొంగి, పాదాలు తడిసినా ఆమె కుళాయి కట్టలేదు.

అవి చేత్తో తిప్పుకుంటూ ఆడుకునే బొమ్మలు కావు. అట్ట గొట్టం, తేలిక చెక్క రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, మూరెడు పొడవు. బడిపిల్లలు మైదానంలో నిలబెట్టి మందు అంటిస్తే నిజంగానే పైకి లేస్తాయి. పైన ముక్కు ఊడి, లోపలి చిన్న గొడుగు విచ్చుకుని, మెల్లగా దిగుతాయి. వాటికి చివరి పూత, రంగులేని పూత కొట్టేది పెద్దావిడ. ఆ మెరుపు వల్లే షెడ్డంతా ఆవిడను మెరుపమ్మ అనేది. పూత లేకపోతే స్టిక్కర్లు రెండోసారి ఎగరగానే ఊడిపోతాయి, తోక దగ్గరి మసి రంగులోకి ఇంకిపోతుంది, నేల తాకిన ప్రతిసారీ ఒక గీత పడుతుంది. ఉండాలి గానీ కనబడకూడదు ఆ పూత. "కనబడితే పని చెడగొట్టానంటారు, కనబడకపోతే ఏం పని చేశావంటారు. మా కోడళ్ళ బతుకే దీనిది కూడా" అని ఆవిడ నవ్వేది.

మొదటి పూత అద్దం మీద ఊపిరి వదిలినంత పలచగా పడాలి. ఒక్కసారే తడిపేస్తే స్టిక్కరు ముడుచుకుపోతుంది. స్ప్రే గన్ను రాకెట్టు అంచుకు రాకముందే నొక్కాలి, అవతలి అంచు దాటాకే వదలాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, అక్కడ చుక్క కారుతుంది. గాలిలో చెమ్మ ఉన్న రోజు ఆవిడ గన్ను ముట్టేది కాదు, పూత తెల్లగా మసకబారుతుందని. గొట్టంలోకి దూరే ముక్కు మెడకు టేపు చుట్టి మరీ కొట్టేది. అక్కడ పూత పడితే ముక్కు బిగుసుకుపోతుంది, గొడుగు బయటికి రాదు, రాకెట్టు గునపంలా నేలలో దిగబడుతుంది. ఆ షెడ్డులో రాకెట్టు ముక్కుకు అంత కాపలా ఉండేది.

వీటన్నిటికన్నా ముందు, కింది రంగు పూర్తిగా ఎండాలి. వేలికి అంటకపోయినా రంగు లోపల పచ్చిగానే ఉంటుంది. పచ్చి రంగు మీద పూత పడితే పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. పచ్చిదో కాదో చెప్పేది ముక్కే. వాసన తగిలితే ఆగాలి, తగలకపోతే కొట్టాలి. ఆవిడ రాకెట్టును ముక్కుకు ఆనించుకునేది ఇందుకు. పదకొండేళ్ళుగా ఇందుకే. ఆ వెనక గది అద్దం తలుపు అవతలి నుంచి చూసినవాడికి అది మత్తులా కనిపిస్తే తప్పు ఆవిడ ముక్కుదా, వాడి కళ్ళదా?

ఆ చూసినవాడు రంగులు వేసేవాడు. గుట్టు అన్నది వాడి కడుపులో పూట కూడా నిలవదు కాబట్టి అందరూ టముకు అనేవారు.

ఇక గది సంగతి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. గోడలో పైన ఒక గాలి ఫ్యాను ఉండేది, లోపలి ఆవిరిని బయటికి తోసేది. నాలుగేళ్ళ కిందట ఓనరు వచ్చి, ఫ్యాను దుమ్ము లేపుతోందని, దుమ్ము పడితే మెరుపు పోతుందని దాన్ని విప్పించాడు. కన్నానికి అట్టముక్క కొట్టించాడు. విప్పిన ఫ్యానును తన గది కిటికీలో పెట్టించుకున్నాడు. సిగరెట్టు పొగకు ఆయనకు కళ్ళు మండుతాయట. మెరుపమ్మ వెళ్ళి తలనొప్పి వస్తోందని చెప్పింది. "గుడ్డ కట్టుకోమ్మా" అన్నాడాయన. రెండోసారి చెప్పింది. "కట్టుకున్నావా మరి?" అన్నాడు. మూడోసారి చెప్పడం మానేసింది, గోడకు చెప్పుకుంటే గోడైనా వింటుందని.

ఏడాదిన్నరగా ఆవిడ కోడలికి ఈ వాసన చూసే విద్య నేర్పుతోంది. రోజూ అద్దం తలుపు సందులోంచి పిలిచేది.

"అమ్మాయ్, ఇలా రా. దీన్ని చూడు. ఎండిందా?"

"ఇంకా వాసనొస్తోంది అత్తయ్యా."

"ఊఁ. మరి ఇది?"

"ఇది ఎండింది."

"ఊఁ."

అంతే. తప్పనీ అనదు, ఒప్పనీ అనదు. "ఏం చదువు చెల్లీ అది, ఏడాదిన్నరైనా పాస్ చెయ్యరు?" అని టముకు వెక్కిరించేవాడు. మా అత్తయ్య మార్కుల దగ్గర పరమ పిసినారి అని కోడలు లోలోపల ముచ్చటపడేది. ఇంట్లో చూస్తే ఆవిడ అంత జాగ్రత్త మనిషేమీ కాదు. పొయ్యి పక్కనే పీట వేసుకుని రేడియో వింటూ ఉండేది, గిన్నెలో పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొట్టేది. "అమ్మకు రాకెట్ల మీదున్న శ్రద్ధ పాల మీద లేదు" అని కొడుకు నవ్వేవాడు. ఆవిడా నవ్వేది.

అలాంటి రోజుల్లో ఒక బడి నుంచి నలభై ఎర్ర రాకెట్లకు బేరం వచ్చింది. బడివాళ్ళు పోటీ పెట్టుకున్నారు. ఎవరినీ అడగకుండా ఓనరు రెండు రోజుల్లో ఇస్తానని మాటిచ్చేశాడు. టముకు సాయంత్రం ఐదింటికి ఎరుపు వేసి ముగించాడు. మర్నాడు పొద్దున్నే కోడలు స్టిక్కర్లు అంటించేసి, పన్ను పీకించుకోవడానికి ఒక పూట సెలవు పెట్టి వెళ్ళింది. పన్ను సలుపు వారం రోజులది. ఇంకొక్క రోజు ఓర్చుకోవలసిందని ఆమె తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

ఆ పూట జరిగింది తర్వాత టముకు నోటే ఆమెకు తెలిసింది. ఓనరు అద్దం తలుపు దగ్గర నిలబడ్డాడు. మెరుపమ్మ ఒక రాకెట్టును ముక్కుకు ఆనించింది. కోడలి ఖాళీ స్టూలు వైపు చూసింది. ఇంకొకటి తీసింది, మళ్ళీ స్టూలు వైపు చూసింది.

"ఎల్లుండి కొడదాం సార్" అంది.

"వాసనొస్తోందా? వస్తోందంటే ఇప్పుడే ఆపేస్తా. చెప్పు."

ఆవిడ అబద్ధమాడలేదు. "రావట్లేదు సార్" అంది.

"మరింకేం, కొట్టు!"

నాలుగింటికల్లా నలభైకి నలభై ముడతలు పడ్డాయి.

తెల్లారి కోడలు వాచిన బుగ్గతో, నోట్లో దూదితో వచ్చేసరికి కుళాయి దగ్గర కథ నడుస్తోంది. మధ్యాహ్నం ఓనరు అందరినీ పెట్టెలు కట్టే చోటికి పిలిచాడు. ఆయన చేతిలో ఒక కాగితం ఉంది.

"నేననట్లేదు మెరుపమ్మా. అందరూ అంటున్నారు" అంటూ కాగితం చదివాడు. తాను మత్తులో ఉండి పనిచేయడం వల్ల సరుకు చెడిందని అందులో ఉంది. "సాయంత్రం బడివాళ్ళొస్తున్నారు, కారణం చూపించాలి. సంతకం పెట్టేసి రేపట్నుంచి ఇంటి పట్టున ఉండు. నీ కోడలి పనికి ఢోకా లేదు. పెట్టనంటావా, ఇద్దరికీ సెలవు."

ఆ సంతకం పడితే ఆవిడను ఏ షెడ్డూ గడప తొక్కనివ్వదు. పదకొండేళ్ళ పనికి మిగిలే పేరు మత్తుమనిషి. అయినా ఆవిడ పెన్ను తీసుకుంది.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. నోట్లో దూది తీసి పారేసింది.

"ఆ పెన్ను కింద పెట్టండి అత్తయ్యా."

"నువ్వూరుకో అమ్మాయ్."

"ఎందుకూరుకోవాలి? మీరు పీల్చేది మత్తుకా? ఏం టముకన్నా, ఆవిడ ముక్కు పెట్టి చూస్తేనే కదా నీ రంగు ఎండిందో లేదో తేలేది? ఆ సంగతి నీకు తెలీదా?"

"నాకేం తెలుసు చెల్లీ, అద్దంలోంచి కనబడ్డది చెప్పా" అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ.

"కనబడింది గోరంత, చెప్పింది బండెడు!"

"పన్ను పీకితే నాలుక మొలిచిందే!" అన్నాడు ఓనరు. ఒకరిద్దరు నవ్వారు.

ఆ నవ్వుతో ఆమె మరీ రేగిపోయింది. "పొద్దున రంగేసినదొకటి, పోయిన నెలదొకటి తీసుకురా టముకన్నా. మా అత్తయ్య కళ్ళు మూసుకుని ఏది పచ్చిదో చెబుతుంది. చెబితే ఆ కాగితం మీరే చింపెయ్యాలి సార్."

టముకు రెండు ఎర్ర రాకెట్లు తెచ్చాడు. చూడ్డానికి కవలల్లా ఉన్నాయి. తోకలు పట్టుకుని ఆవిడ చేతికిచ్చాడు. మెరుపమ్మ కోడలి వైపు ఒక చూపు చూసింది. కళ్ళు మూసుకుంది. మొదటిదాన్ని ముక్కుకు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది. రెండోదాన్నీ పీల్చింది. మళ్ళీ మొదటిది. 

ఆవిడ కళ్ళు తెరిచి రెండింటినీ కోడలి చేతిలో పెట్టింది. రోజూ అడిగే గొంతుతోనే అంది.

"నువ్వు చూడమ్మాయ్. ఏదో నువ్వు చెప్పు."

కుడిచేతిలోది ముక్కు దాకా తేనక్కరలేకుండానే ఘాటుగా కొడుతోంది. కోడలు దాన్ని పట్టుకుని నిలబడిపోయింది. ఏడాదిన్నర పాఠాలు, ఆ ఊఁ కొట్టడాలు, రేడియో పక్కన మాడిన పాలు, అన్నీ ఒక్కసారిగా ఆమె ముందుకు వచ్చాయి.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"మొదట సబ్బు వాసన పోయింది. తర్వాత పాలు. ఆ తర్వాత ఇది."

"నాతో ఒక్క మాట అనకూడదా? నన్నడగొచ్చుగా?"

"రోజూ అడుగుతూనే ఉన్నా కదే!" అంది ఆవిడ. "పైకి చెబితే గదిలోంచి తీసేస్తారు. నాకొచ్చింది ఈ ఒక్క పనే. నీ ముక్కుతో నెట్టుకొచ్చా."

"అదీ సంగతి!" ఓనరు అందుకున్నాడు. "ముక్కు పనిచెయ్యని మనిషిని పెట్టుకుని నేను..."

"ఆ ముక్కును ఎవరు తిన్నారు సార్?" కోడలు ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "నాలుగేళ్ళు ఆ గది ఆవిరంతా ఆవిడ తల్లోకే పోయింది. మీ గదిలో తిరుగుతోందే ఆ ఫ్యాను, అది ఎక్కడిది? మీ సిగరెట్టుకు దొరికిన గాలి మా అత్తయ్యకు దొరకలేదా?"

 ఫ్యాను అప్పటిదాకా తిరుగుతూనే ఉంది గానీ దాని రొదను అందరూ అప్పుడే విన్నారు. టముకు గొంతు సవరించుకుని, పూత కొట్టిన ముందురోజు సాయంత్రం ఐదింటికి గానీ ఎరుపు వేయడం అవలేదని, మూడు రోజులు ఆరాలని ఓనరుకు అప్పుడే చెప్పానని మెల్లగా అన్నాడు. ఇంత చిన్న నిజం వాడి కడుపులో రెండు రోజులు ఎలా నిలిచిందో!

కోడలు ఓనరు చేతిలోని కాగితం తీసుకుంది. ఏడో తరగతిలో ఆగిపోయిన చదువు, అక్షరాలు వంకరపోతాయి. కాగితాన్ని వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టి, నిదానంగా రాసింది. మెరుపమ్మకు చదివి వినిపించింది. ఆవిడ దాని కింద సంతకం పెట్టింది.

"బడివాళ్ళకు కారణం కావాలన్నారుగా సార్. ఇదే చూపిద్దాం" అంది కోడలు. మాస్కింగ్ టేపుతో దాన్ని అద్దం తలుపుకు అంటించింది.

బడివాళ్ళు వచ్చే వేళకు ఫ్యాను గోడ కన్నంలోకి తిరిగి వచ్చింది. స్క్రూలు బిగించింది టముకే. నలభై రాకెట్లనూ గీకి, మళ్ళీ రంగు వేసి, అందరి ఎదుటా కోడలే వాసన చూసి సరేనన్నాక, మెరుపమ్మ పూత కొట్టింది. పది రోజులు పట్టింది. బడివాళ్ళు పోటీని వాయిదా వేసుకున్నారు. ఆలస్యమైనందుకు ఆకాశమేమీ విరిగిపడలేదు.

కాగితాన్ని తీసేయమని ఓనరు రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్న రోజున మెరుపమ్మ గన్ను తీసుకుని దాని మీద మొదట ఊపిరంత పలచగా, ఆరాక ఇంకో రెండు పూతలు కొట్టింది. ఇక అది గోరుకు లేవదు, నీళ్ళకు చెరగదు. బస్టాపులో పాత కథ ఇంకా తిరుగుతూనే ఉంది. కాగితం మీద ఉన్నది రెండే వాక్యాలు:

"ఈ గదిలో నాలుగేళ్ళు ఫ్యాను లేదు. ఇక్కడ పనిచేసే మనిషికి ఏడాదిన్నరగా ఏ వాసనా తెలియదు."