నిండు కెటిల్

కరోనా తగ్గి, కీళ్ళ నొప్పులవాళ్ళు మళ్ళీ ధైర్యంగా ఆస్పత్రి మెట్లెక్కడం మొదలుపెట్టిన ఏడాది అది. అప్పటికే నేను చీరాలలో ఒక చిన్న ఆస్పత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఈ పేరు మావైపు ఎవరికీ నోరు తిరగదు, "ఎక్సర్‌సైజుల మేడమ్" అనేస్తారు. నొప్పులున్న చేతులతోనే రోజువారీ పనులు ఎలా చేసుకోవాలో, అందుకు ఎలాంటి వస్తువు కొనుక్కోవాలో చెప్పడం నా పని. గరిటెలు, తాళాలు, జాకెట్టు హుక్కులు, అన్నీ చూస్తాను. వాటన్నిటిలో నన్ను భయపెట్టేది వేడినీళ్ళొక్కటే. ఎన్నేళ్ళయినా ఆ భయం పోలేదు.

ఆ చలికాలంలో పర్చూరు దగ్గర పల్లె నుంచి రత్తమ్మ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. ఆవిడకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మన ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీళ్ళను తినేసే జబ్బు. వేళ్ళన్నీ చిటికెన వేలి వైపుకు వాలిపోయాయి. ఏళ్ళ తరబడి మిరపకాయలకు తొడిమలు తీయడం వల్లే ఇలా అయిందని ఆవిడ నమ్మకం. నేను వాదనకు దిగలేదు. వెంట కూతురు లావణ్య వచ్చింది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి, ఒళ్ళో నెల దాటిన ఆడపిల్ల.

"అమ్మ పొయ్యి మీద గిన్నె దించలేకపోతందని కరెంటు కెటిల్ తెప్పించానండి. స్టీలుది, పెద్దది. అదీ బరువేనంటది. చేతికి సుఖంగా ఉండేది ఏదన్నా చెప్పండి మేడమ్," అంది లావణ్య.

"టీకేనా?" అని అడిగాను.

"టీ ఎవరిక్కావాలమ్మాయ్, పిల్లకి నీళ్ళు పొయ్యొద్దూ," అన్నారు రత్తమ్మ గారు.

మనవైపు పసిబిడ్డకు నీళ్ళు పోయడమంటే అమ్మమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకోవాలి. పక్కన బకెట్. నీళ్ళు చల్లారితే మధ్యలో మరిగిన నీళ్ళు కలుపుకుంటారు. పచ్చి బాలింత తడిలోకి రాకూడదని లావణ్యను ఆ దరిదాపులకు రానివ్వడం లేదట. అంటే బిడ్డ, బకెట్, మరిగే నీళ్ళు, అన్నీ ఆ వంకర వేళ్ళ మధ్యే.

నా గదిలో జగ్గుడు నీళ్ళు ఇచ్చి వంచమన్నాను. బాగానే వంచారు. అయినా నాకు నమ్మకం కలగలేదు, ఎందుకంటే అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఈ జబ్బులో పొద్దున లేచేసరికి కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, మార్నింగ్ స్టిఫ్‌నెస్ అంటాం. బిడ్డకు నీళ్ళు పోసేది సరిగ్గా ఆ వేళలోనే. అందుకని మర్నాడు పొద్దున్నే హోమ్ విజిట్‌కు, అంటే వాళ్ళింటికే వెళ్ళాను.

వెళ్ళి చూస్తే భయం రెట్టింపయింది. వసారాలో తడి నేల మీదికి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి, పీట పక్కనే కెటిల్ పెట్టారు. దాని పిడి సన్నం, వేళ్ళు దూరే సందు లేదు. నీళ్ళు మూతి దాకా ఉన్నాయి.

"సగమే పోసుకోండమ్మా, బరువు తగ్గుద్ది," అన్నాను.

"బాగా చెప్పావు. పసిబిడ్డ నీళ్ళకి ఎక్కడన్నా వెలితి గిన్నె పెడతారా?"

ముందు తీగ పీకించాను. కెటిల్ కడిగి, చన్నీళ్ళతో ఆవిడ పట్టుబట్టినట్టే నిండా నింపించాను. పాత చీర ఒకటి గట్టిగా చుట్టి కాళ్ళ మీద పెట్టి, "ఇదే పిల్లనుకోండి. రోజూ ఎట్టా చేస్తారో అట్టాగే చెయ్యండి," అన్నాను. ఆవిడ నవ్వారు. కుడిచేత్తో పిడి పట్టుకున్నారు, ఎడమచేతికి చెంగు చుట్టుకుని కెటిల్ కింద ఆనించారు. బకెట్ ఎడమవైపు ఉంది. కెటిల్ మోకాళ్ళ మీదుగా దాటుతుండగా మణికట్టు వణికింది. పిడి వేళ్ళలోనే తిరిగిపోయింది. నీళ్ళన్నీ చీరచుట్ట మీద, బిడ్డ తల ఉండాల్సిన చోట పడ్డాయి.

లావణ్య పరుగున లోపలికెళ్ళి మంచం మీదున్న బిడ్డను ఎత్తుకొచ్చి గుండెకు అదుముకుంది. చన్నీళ్ళు నింపించింది నేనే. అయినా నేనూ వెళ్ళి బిడ్డ తల తడిమి చూశాను.

"ఇంతకుముందు కూడా ఇట్టా జారిందా అమ్మా?" అంది లావణ్య.

రత్తమ్మ గారు తల ఎత్తలేదు. "మొన్నొకసారి. పిల్ల మీద పడకుండా నా వైపుకి వంచుకున్నా," అంటూ చీర కొంచెం జరిపారు. మోకాలి పైన అరచేయంత మేర చర్మం ఊడి, పసుపు పూసి ఉంది.

"చెప్పలేదేం?"

"చెప్తే పిల్లని నా కాళ్ళ మీద పెడతావా? పొద్దున లేస్తే భయమే. దేవుడికి దణ్ణం పెట్టుకునే కూర్చుంటన్నా."

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఆవిడ మొహం చూస్తే ఏడుపొచ్చింది. లావణ్య మాత్రం మెత్తబడలేదు. "రేపట్నుంచి నువ్వు పొయ్యొద్దు," అనేసింది. ఆవిడ ఆ తడిచీరను కాళ్ళ మీంచి తీయకుండా అలాగే కూర్చుండిపోయారు.

కాలిన చోటుకు ఆ పూటే డాక్టరు దగ్గర కట్టు కట్టించాను. తర్వాత లావణ్యను కూర్చోబెట్టి చెప్పాను. "మీ అమ్మ చేతులు చెడ్డాయి గానీ కాళ్ళు చెడలేదు. పిల్ల ఆవిడ కాళ్ళ మీదే ఉంటది, నీళ్ళు నువ్వు పొయ్యి. బాలింతవని భయమైతే కాళ్ళకి చెప్పులేసుకో."

కెటిల్ కూడా మార్పించాను. పెద్దదాంట్లో సగం పోయమంటే ఆవిడ ఎటూ వినరు. కాబట్టి అరలీటరుది, తేలికైనది చూశాం. నిండా పోసినా బరువుండదు. నాలుగు వేళ్ళూ దూరే వెడల్పు పిడి, బయట చెయ్యి కాలని రెండు పొరల గోడ, మరిగాక దానంతట అదే ఆగే స్విచ్. దానికింద టిప్పర్ స్టాండ్ పెట్టాం. అది కెటిల్‌ను ఎత్తకుండా ఉన్నచోటే ముందుకు వంచే చట్రం. అన్నీ వంటింటి గట్టు మీదే. ఆవిడ కాచి గిన్నెలోకి వంచుతారు. లావణ్య తీసుకెళ్ళి బకెట్లో కలిపి, మోచెయ్యి ముంచి చూసి, ఆ తర్వాతే బిడ్డను తెస్తుంది. బిడ్డ కాళ్ళ మీదికి వచ్చాక వసారాలోకి మరిగిన నీటిచుక్క రాకూడదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. లావణ్య చెంబుతో పోస్తుంటే, రత్తమ్మ గారు ఆ వంకర వేళ్ళతోనే మనవరాలి ముక్కు సవరిస్తున్నారు. నేను మాత్రం బకెట్లో నా మోచెయ్యి కూడా ముంచి చూశాను. లావణ్య నవ్వింది.

మా వృత్తిలో పెయిన్ స్కేల్ అని ఒకటుంది. నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారని అడుగుతాం. మొదటిరోజు కూతురి పక్కన కూర్చుని రత్తమ్మ గారు మూడే వేశారు. ఇప్పుడు కూడా ఆ ప్రశ్న అడుగుతాను గానీ, దాని తర్వాత ఇంకోటి అడుగుతాను, "ఏది ఎత్తాలంటే మీకు భయమేస్తుంది?" అని. అడిగే ముందు వెంట వచ్చినవాళ్ళను కాసేపు బయట కూర్చోమంటాను.